గేటు దగ్గర కాదు, స్టేజీ మీద

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్లు అడిగినప్పుడు, దేని గురించి రాయాలా అని మేము నలుగురం ఎక్కువసేపు ఆలోచించలేదు. ఈ ఏడు ఫిబ్రవరిలో టెన్త్ తమ్ముళ్ల వీడ్కోలు సభ కోసం డప్పు నేర్పించిన 26 రోజుల గురించే రాయాలనుకున్నాం. నేర్పించింది మేమే అయినా, ఆ 26 రోజుల్లో మేము నేర్చుకున్నది కూడా తక్కువేమీ కాదు. అందుకే ఈ నాలుగు మాటలు.

మేము నలుగురం ఈ హాస్టల్‌లోనే ఆరో తరగతి నుంచి పది దాకా చదివిన వాళ్లం. ఇదే మెస్‌లో తిని, ఇదే వరండాలో పెట్టెలు పెట్టుకొని, ఇదే బోరింగు కాడ స్నానాలు చేసిన వాళ్లం. ఇప్పుడు పీజీ చదువుతున్నాం. సెలవు దొరికితే తమ్ముళ్లకు లెక్కలు, ఇంగ్లిషు చెప్పడానికి వస్తూ పోతూ ఉంటాం. ప్రతి ఏడూ వీడ్కోలు సభకు సినిమా పాటలు పెట్టి డాన్సులు వేయడం మనకు అలవాటే. అందులో తప్పేమీ లేదు. మేమూ వేశాం. కానీ ఈసారి టెన్త్ తమ్ముళ్లే వచ్చి "అన్నా, పాట పెట్టి ఎగురుడు గాదు, మేమే దప్పు కొడుతం, మేమే ఆడుతం, నేర్పుండ్రి" అన్నారు. పందొమ్మిది మందిలో పన్నెండు మంది పేర్లిచ్చారు.

వార్డెన్ సార్‌ను అడిగితే రెండు షరతులు పెట్టారు. సాయంత్రం అయిదు నుంచి ఆరు దాకానే ప్రాక్టీసు, ఆరు కొట్టగానే అందరూ స్టడీ అవర్‌లో ఉండాలి. రెండోది, వారం వారం పెట్టే స్లిప్ టెస్టుల్లో ఒక్కరి మార్కులు తగ్గినా ప్రాక్టీసు బంద్. పరీక్షలు నెత్తి మీద ఉన్నాయి కాబట్టి సార్ అన్నదాంట్లో న్యాయముంది. మేము ఒప్పుకున్నాం.

ముందు డప్పులు కావాలి. హాస్టల్‌లో ఒక్కటి కూడా లేదు. అటెండరన్న వాళ్ల ఊరి నుంచి, మా ఊళ్ల నుంచి తిరిగి తిరిగి ఎనిమిది జమచేశాం. అందులో అయిదు తోలు డప్పులు, మూడు ఫైబర్‌వి. తెలియని తమ్ముళ్ల కోసం చెబుతున్నాం. డప్పు అంటే గుండ్రటి చెక్క చట్రం మీద మేకతోలు బిగించి, వెనక తోలు వార్లతో లాగి కట్టిన వాయిద్యం. ఎడమ భుజానికి వేలాడేసుకుంటాం. కుడిచేతిలో ఉండే లావు పుల్లను సిర్ర అంటారు. ఎడమచేతిలోది సన్నటి చిటికెన పుల్ల. కుడిచెయ్యి దరువు వేస్తే ఎడమచెయ్యి అంచు మీద సన్నగా పలికిస్తుంది. కొత్తవాళ్లు కుడిచేతి బలమే డప్పు అనుకుంటారు. కానీ పనితనమంతా ఎడమచేతి వేళ్లలోనే ఉంటుంది. తోలు డప్పును మంట మీద కాచాలి. కాచకపోతే మెత్తబడి బొద్దుగా మోగుతుంది. ఎక్కువ కాస్తే పగులుతుంది. ఫైబర్ డప్పుకు ఈ బాధ లేదు, వానకూ మంచుకూ జంకదు. కానీ దాని మోత పళ్లెం మీద కొట్టినట్టే ఉంటుంది.

పన్నెండు మందికి ఎనిమిది డప్పులు చాలవు కాబట్టి మొదటి వారం ఎవరికీ డప్పు ఇవ్వలేదు. ముందు నోటితో పలకాలి. "డండనక డండనక" అని నోట్లో కుదిరితేనే చేతిలో కుదురుతుంది. తర్వాత తొడల మీద, ఆ తర్వాత మెస్ పళ్లేల మీద. పళ్లేల మీద మొదలుపెట్టిన రోజు వంటక్క గరిటె పట్టుకొని బయటికొచ్చింది. "సొట్టలు వడితె అండ్ల మీరే తినాలె బిడ్డా" అన్నది. మరునాడు ఆమెనే పాత సొట్ట పళ్లేలన్నీ ఏరి ఒక గోనెసంచిలో వేసి ఇచ్చింది.

రెండో వారంలో డప్పులు చేతికిచ్చాం. అప్పుడు అసలు కష్టం తెలిసింది. పిల్లలకు దరువు రాగానే చేతులు పరుగెత్తుతాయి. చేతులు పరుగెత్తితే కాళ్లు తప్పుతాయి. ఒకడు తప్పితే పక్కవాడు వాడిని చూసి తప్పుతాడు. అందుకని కొట్టేటప్పుడు చేతుల వంక చూడొద్దని, మడిమ నేలకు తగిలే చప్పుడు వినమని చెప్పాం. గజ్జెలు కట్టిన నలుగురిని మధ్యలో పెట్టి, వాళ్ల కాలే అందరికీ లెక్క అన్నాం. ఇంకొక తమ్ముడిది ఎడమచేతి వాటం. వాడిని కుడిచేత్తో కొట్టమని బలవంతం చేయలేదు. డప్పును కుడి భుజానికి మార్చి, మోచేతులు తగలకుండా వరుసకు చివర నిలబెట్టాం. చూసేవాళ్లకు అది కావాలని పెట్టిన అందంలాగే కనిపించింది.

మాలో ఇద్దరికే డప్పు బాగా వచ్చు. వాళ్లకు వచ్చింది కూడా సభల్లో, ర్యాలీల్లో కొట్టిన దరువులే. పాత దరువులు తెలిసిన ఒక తాతను పక్క ఊరి నుంచి బతిమాలి తెచ్చుకున్నాం. మూడు ఆదివారాలు వచ్చాడు. పెళ్లికి ఏ దెబ్బ, జాతరకు ఏ దెబ్బ, చాటింపుకు ఏ దెబ్బ అని వేరు వేరుగా కొట్టి చూపించాడు. పులి నడిచినట్టు నడుం వంచి ముందుకు వేసే అడుగు చూపిస్తే, డెబ్బై ఏళ్ల మనిషేనా అని పిల్లలు నోళ్లు తెరిచారు. చావు దెబ్బ కూడా చూపించమని ఒక తమ్ముడు అడిగాడు. తాత సిర్ర కింద పెట్టాడు. "అది నాతోనే పోనీ బిడ్డా" అన్నాడు. మేము మళ్లీ అడగలేదు.

ఇప్పుడు పేరివ్వని తమ్ముళ్లలో ఒకడి గురించి చెప్పాలి. పేరు రాయడం లేదు, మన హాస్టల్ వాళ్లకు ఎలాగూ తెలుసు. మేము ప్రాక్టీసు చేయిస్తుంటే వాడు మెస్ మెట్ల మీద సోషల్ పుస్తకం తెరిచి కూర్చునేవాడు. పేజీ తిరిగేది కాదు. ఎవడైనా దరువు తప్పితే వాడి వేళ్లు పుస్తకం అట్ట మీద దాన్ని సరిచేసేవి. పన్నెండు మందిలో ఎవరికీ లేని చెయ్యి వాడిది. అడిగితే "నాకు రాదన్నా" అన్నాడు. తర్వాత తోటివాళ్ల ద్వారా తెలిసింది. వాళ్ల నాయిన ఊళ్లో చావులకు డప్పు కొడతాడు. ఏడో తరగతి సెలవుల్లో వీడు కూడా నాయిన వెంట ఒక శవం ముందు కొట్టాడు. బడిలో తోటి పిల్లలు కొందరు చూశారు. అప్పటి నుంచి బడిలో వాడికి ఒక పేరు పెట్టారు. ఆ పేరు ఇక్కడ రాయం.

వాడికి ధైర్యం చెబుదామని మాలో ఎం.ఏ. చదివే మిత్రుడు ఒక కథ చెప్పాడు. పసిఫిక్ మహాసముద్రంలో హవాయి దీవులున్నాయి. అక్కడి వాళ్ల ఆట పేరు హులా. మంత్రం లాంటి పాటకు, సొరకాయ బుర్రతో చేసిన వాయిద్యం దరువుకు, చేతులతో అర్థం చెబుతూ ఆడతారు. వాళ్ల దేవతల కథలు, రాజుల వంశాలు అందులోనే దాచుకున్నారు. 1820లో అమెరికా నుంచి క్రైస్తవ మిషనరీలు వచ్చి ఆ ఆట సిగ్గుమాలినదన్నారు. 1830లో కాఅహుమను రాణి నలుగురిలో ఆడొద్దని కట్టడి చేసింది. అయినా ఊళ్లలో చాటుగా నేర్పుకుంటూనే ఉన్నారు. 1883లో కలాకౌవా రాజు తన పట్టాభిషేక ఉత్సవంలో అందరి ముందూ హులా ఆడించాడు. 1964 నుంచి హిలో పట్టణంలో ఆ రాజు పేరు మీద పెద్ద పండుగ జరుగుతోంది. ఇప్పుడు అక్కడ చిన్న పిల్లలకు కూడా గురువులు హులా నేర్పుతారు. ఆ గురువును కుము అంటారు. ఏళ్ల తరబడి నేర్చిన వాళ్లు చివరికి ఉనికి అనే పట్టా ఘట్టం దాటాలి. ఉనికి అన్న మాట వినగానే పిల్లలందరూ నవ్వారు, మన తెలుగు మాటలాగే ఉందని.

"చూసినవా తమ్మీ, వాళ్లకు గూడ సిగ్గు నేర్పిండ్రు. వాళ్లు సిగ్గు ఇడిసిపెట్టిండ్రు" అన్నాడు మిత్రుడు.

వాడు కాసేపు ఆలోచించి ఇట్లా అన్నాడు: "వాళ్లను ఆడొద్దన్నరు. మా నాయిన్ను కొట్టాల్సిందే అన్నరు. రెండూ ఒకటెట్ల అయితయన్నా?"

పదో తరగతి పిల్లవాడు అడిగిన ఆ ప్రశ్నకు పీజీ చదివే మా దగ్గర అప్పటికప్పుడు జవాబు లేదు. ఆ రాత్రి మేము దాని గురించే మాట్లాడుకున్నాం. నిజమే కదా! హవాయి వాళ్ల ఆటను నిషేధించారు. మన వాయిద్యాన్ని ఎవరూ నిషేధించలేదు. మన మెడకు కట్టారు. పెళ్లి వాళ్లది, జాతర వాళ్లది, చావు వాళ్లది, కొట్టేది మాత్రం మనం. రానంటే తిట్లు, తన్నులు. వస్తే ఇంత కల్లు, ఇన్ని గింజలు. కళ మీద నిషేధం ఉన్నవాడికి ఆడటం స్వేచ్ఛ. కళ వెట్టి అయినవాడికి కొట్టను అని చెప్పగలగడం మొదటి స్వేచ్ఛ.

బాబాసాహెబ్ అంబేద్కర్ ఈ సంగతిని ఎంత ముందుగా గుర్తించారో చూడండి. మహారాష్ట్రలో మహర్లు ఇంత వతన్ భూమికి, ఇన్ని గింజలకు రాత్రనక పగలనక ఊరి చాకిరీ చేయాలి. పొరుగూళ్లకు చావు కబురు మోయడం కూడా వాళ్ల పనే. దాని నుంచి విడిపించడానికి ఆయన 1928లో బొంబాయి శాసనమండలిలో బిల్లు పెట్టారు. అది అప్పుడు చట్టం కాలేదు. ఆయన పోయిన రెండేళ్లకు, 1958లో, ఆ కింది స్థాయి వతన్లను రద్దు చేస్తూ బొంబాయి రాష్ట్రంలో చట్టం వచ్చింది. తమిళనాడులో పరై కొట్టేవాళ్లు కూడా చావులకు కొట్టమని ఎన్నో ఊళ్లలో ఎదురు తిరిగారు. ఆ తర్వాతే వాళ్ల పిల్లలు అదే పరైని గర్వంగా స్టేజీల మీదికి తెచ్చారు. మన దగ్గరా అంతే. 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మొదలైన దండోరా ఉద్యమం డప్పునే జెండాగా చేసుకుంది. 2002లో కామారెడ్డిలో మొదలైన ధూంధాం తెలంగాణ ఊరూరా డప్పు మోగించింది. ఊరి దొర పిలిస్తే వెళ్లిన డప్పు, తన పని మీద తానే బయలుదేరింది. తోలు అదే, సిర్ర అదే. ఎవరు పిలిస్తే మోగుతోంది అన్నదే తేడా.

ఈ మాటలు వాడికి చెప్పాం. "నువ్వు కొట్టకపోయినా మాకు కోపం లేదు. కొట్టనని చెప్పే హక్కు నీకుంది. కొట్టే హక్కూ నీదే" అన్నాం. వాడు ఏమీ అనలేదు. కానీ మరునాడు మెట్ల మీద కూర్చోలేదు. వరుసలో వచ్చి నిలబడ్డాడు. పన్నెండు మంది పదముగ్గురయ్యారు.

మూడో ఆదివారం వాళ్ల నాయిన కొడుకును చూడటానికి వచ్చాడు. ప్రాక్టీసు సంగతి తెలిసి నేరుగా మా దగ్గరికొచ్చాడు. గట్టిగా అరవలేదు. అరిచి ఉంటే మాకు ఇంకా తేలికయ్యేది.

"నేను వీన్ని ఈడ వడేసింది సదువుకొమ్మని. దప్పు నేర్సుకునేటందుకైతె ఇంటికాన్నే ఉందు గద బిడ్డా" అన్నాడు.

"కాకా, ఇది వేరే. ఇది మన కళ, మన గౌరవం" అని మొదలుపెట్టాం. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"గవన్నీ నాకు సమజ్ గావు. ఒక్కటి చెప్పుండ్రి. ఆ పొద్దు మా పోరగాండ్లు కొట్టేది గేటుకాడనా, లోపల్నా? పెద్ద సార్లు కుర్సీలల్ల కూసున్నంక కొడ్తరా, వాళ్లు నడుస్తాంటె ముందట కొట్టుకుంట రావాల్నా?"

ముప్ఫై ఏళ్లు ఇతరుల ఊరేగింపుల ముందు నడిచిన మనిషి అడగవలసిన ప్రశ్న అదే. కళ గురించి మేము చదివిన పుస్తకాల కన్నా ఆ ఒక్క ప్రశ్నలో ఎక్కువ ఉంది. "స్టేజీ మీదనే కాకా. గేటు దగ్గర కొట్టరు" అని మాటిచ్చాం. ఆయన సరే అనలేదు, వద్దూ అనలేదు. కొడుకు చేతిలో ఇంటి దగ్గరి జొన్నరొట్టెల మూట పెట్టి బస్సెక్కాడు.

ఆ మాట నిలబెట్టుకునే పరీక్ష వారానికే వచ్చింది. సభ ఏర్పాట్లు చూస్తున్న పెద్దల్లో ఒకరు "పిల్లలు ఎలాగూ నేర్చుకున్నారు కదా, ముఖ్య అతిథులు కారు దిగగానే గేటు నుంచి స్టేజీ దాకా డప్పులతో తీసుకొస్తే నిండుగా ఉంటుంది" అన్నారు. ఆయన చెడ్డ ఉద్దేశంతో అనలేదు. సభలన్నిటా జరుగుతున్నదే చెప్పారు. మేము జవాబు చెప్పే ముందు పిల్లలనే అడిగాం. పదముగ్గురూ మెస్‌లో కూర్చొని మాట్లాడుకున్నారు. పది నిమిషాల తర్వాత వచ్చి తమ మాట చెప్పారు. గేటు దగ్గర అతిథులకు అందరం చప్పట్లు కొడతాం, పూలిస్తాం, టెన్త్ వాళ్లం, తొమ్మిదో తరగతి వాళ్లం అందరం కలిసి. డప్పు మాత్రం స్టేజీ మీదే. కొట్టే ముందు మైకులో ఒక్కొక్కరి పేరు, ఊరు చదవాలి.

వార్డెన్ సార్ విన్నారు. "వాళ్ల సభ. వాళ్లన్నట్టే కానీయండి" అన్నారు. అంతటితో చర్చ అయిపోయింది.

సభకు రెండు రోజుల ముందు వాళ్ల నాయిన మళ్లీ వచ్చాడు. చంకలో యూరియా సంచిలో చుట్టిన తోలు డప్పు ఉంది. "ఆ ప్లాస్టిక్‌ది పక్కకు వెట్టమనుండ్రి. చెవులు నొస్తయి" అని మాత్రం అన్నాడు.

సభ రోజు ఉపన్యాసాలు అనుకున్న దానికన్నా గంట ఎక్కువ సాగాయి. సాయంత్రం కాచి పెట్టిన తోళ్లు మంచుకు మెత్తబడ్డాయి. పిల్లలు మెస్ వెనక ఎండు తాటాకులు వేసి మళ్లీ మంట చేశారు. ఎవరూ చెప్పకుండానే ఆయన లేచి వెళ్లి మంట పక్కన కూర్చొని ఒక్కొక్క డప్పును వేలితో తట్టి చూసి ఇచ్చాడు. మైకులో పదమూడు పేర్లు, పదమూడు ఊళ్లు చదివారు. ఒక్కో పేరుకు ఒక్కొక్కరు స్టేజీ ఎక్కారు. ముందు వరుసలో అతిథులు, పక్కన తల్లిదండ్రులు అందరూ కూర్చొని ఉన్నారు. నిలబడి ఉన్నది పిల్లలొక్కరే. తొమ్మిది నిమిషాలు కొట్టారు. ఆరో నిమిషంలో ఒక గజ్జె తెగి కింద పడింది. ఎవడూ దాని వంక చూడలేదు. చివరి దెబ్బ తొమ్మిది డప్పుల మీద ఒక్కటై పడింది. మేము స్టేజీ పక్కన నిలబడి ఊపిరి వదిలాం.

ఆయన చప్పట్లు కొట్టలేదు. కొడుకు దిగి రాగానే వాడి చెయ్యి పట్టుకొని చూసి "ఎడమ పుల్ల వదులు వట్టినవ్, గట్టిగ వట్టాలె" అన్నాడు. వాడు నవ్వాడు. ఆ మాట మేము చెప్పి ఉంటే ఆ నవ్వు వచ్చేది కాదు.

ఇక స్లిప్ టెస్టుల సంగతి. ఒక్కరి మార్కులు కూడా తగ్గలేదు. నలుగురివి పెరిగాయి. డప్పు వల్లే పెరిగాయని మేము అనం. ఒక గంట ఒళ్లు వంచి ఆడిన పిల్లవాడు తర్వాతి రెండు గంటలు కుదురుగా కూర్చుంటాడని మాత్రం చూశాం.

ఆంధ్రప్రదేశ్‌లో 50 ఏళ్లు నిండిన డప్పు కళాకారులకు ప్రభుత్వ పింఛను ఉంది. 2024 జూలై నుంచి అది నెలకు 4,000 రూపాయలైంది. మంచిదే. కానీ పింఛను పెద్దవాళ్ల కడుపు చూస్తుంది. పిల్లల మెడ మీది సిగ్గును తీయాల్సింది మనమే.

పూర్వ విద్యార్థులైన అన్నలకు, మిత్రులకు మా విన్నపం ఒక్కటే. హాస్టల్‌కు వచ్చినప్పుడు పెన్నులు, ప్యాడ్లు ఇస్తున్నారు, సంతోషం. దానితో పాటు మీకు వచ్చింది ఏదైనా సరే, పాట, డప్పు, కోలాటం, బొమ్మలు వేయడం, తమ్ముళ్లకు పది రోజులు కూర్చోబెట్టి నేర్పండి. హాస్టల్‌కు సొంతంగా పది తోలు డప్పులు ఉండాలని మా కోరిక. మేము నలుగురం రెండింటికి డబ్బులు జమచేశాం. మిగతా ఎనిమిది మీ మీద పెడుతున్నాం.

తమ్ముళ్లారా! రేపు మీరు ఏ కాలేజీలో ఉన్నా, ఏ ఉద్యోగంలో ఉన్నా, ఎవరైనా డప్పు కొట్టమని అడిగితే మన కాక అడిగిన ప్రశ్న అడగండి. గేటు దగ్గరా, లోపలా? ముందు నడవాలా, అందరూ కూర్చున్నాక కొట్టాలా? జవాబు నచ్చితే గట్టిగా కొట్టండి. నచ్చకపోతే సిర్ర కింద పెట్టండి. రెండూ మన హక్కులే.

జై భీమ్!